మెట్టనేల వాడి తెరచాప పాఠం

కదిరి ప్రాంతంలో పుట్టినవానికి నీటిని గురించి తెలిసినదంతా దాని లేమిని బట్టి తెలిసినదే. పూర్వపు అనంతపురం జిల్లాలోనిదై, 2022లో క్రొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతానికి పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగిస్తాయి. ఈశాన్యపు వానలు తూర్పుతీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతాయి. అనంతపురం సీమలో సాలుకు సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మద్దిలేరు పేరుకు ఏరే గాని, మా చిన్ననాడు సంవత్సరంలో ఎక్కువ కాలం ఇసుక దారి. అట్టి ఊరివాడు తెరచాప పడవను కట్టడం నేర్చుకొన్నానని చెబితే వినేవారు ముసిముసిగా నవ్వడం సహజం. నవ్వినవారిని నేను తప్పుపట్టను. కాని ఆ విద్య నాకు నేర్పినది పడవను గురించి మాత్రమే కాదు గనుక, మన కళాశాల విద్యార్థుల ముందు దానిని విన్నవించడం నా ధర్మమని భావిస్తున్నాను.

ఉద్యోగరీత్యా సికింద్రాబాదులో ఉన్న కాలంలో సెలవుదినాలలో హుస్సేన్ సాగర్ ఒడ్డుకు పోయేవాడిని. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మితమైన ఆ తటాకం నేడు భారతదేశంలో తెరచాప పడవల క్రీడకు పేరుగాంచిన తావులలో ఒకటి. సికింద్రాబాదులోని సైనికుల ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ అక్కడ దశాబ్దాలుగా పోటీలు నడుపుతూ వచ్చింది. 2009లో నెలకొన్న యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద పిల్లలకు కూడా ఆ విద్యను నేర్పుతూ వచ్చింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన దక్కను పీఠభూమి నడుమ తెరచాపలు విప్పారి నిలవడం చూచినప్పుడు, కొండమీద కలువలు పూచినంత వింతగా తోచింది.

నాకు ఈ విద్య నేర్పినది సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషి. మేమందరం ఆయనను సాహెబ్ అనే పిలిచేవాళ్ళం. ఆయన వద్ద చక్రాల బండిపై ఎక్కించి జీపు వెనుక తగిలించుకొని తేదగిన పడవ ఒకటి ఉండేది. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ అనే శిల్పి రూపొందించిన ఎంటర్‌ప్రైజ్ జాతి పడవ అది. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఇద్దరు నడపవలసినది, తెరచాపలు లేత నీలం. బండిపై వచ్చేటప్పుడు దాని కొయ్య, అడ్డకొయ్య, చుక్కాని, తెరచాపలు అన్నీ విడివిడిగా కట్టలుకట్టి ఉంటాయి. ఒడ్డుకు చేరిన తరువాత వాటినన్నిటిని కూర్చి, పడవను పడవగా నిలబెట్టాలి. మొదటి దినం మాకు ఆ పనికి గంటన్నర పట్టింది. సాహెబ్ పనిచేస్తే ఇరవై నిమిషాలు. ఆయన చేతులలో తొందర అనేది మచ్చుకైనా కనిపించేది కాదు. ఇదేమి చిత్రమని నాకు ఆశ్చర్యం.

వేగంగా కట్టడం వేడుక కోసం కాదు. వేసవి చివరి దినాలలో హైదరాబాదు ఆకాశం నమ్మదగినది కాదు. మధ్యాహ్నం దాకా నిశ్చలంగా ఉన్న గాలి సాయంకాలం ఉరుములతో విరుచుకుపడుతుంది. నీటి మధ్య లోహపు కొయ్య నెత్తినెత్తుకొని నిలిచిన పడవ పిడుగును పిలిచినట్లే. కనుక అనుకూలమైన గాలి ఉన్న రెండుమూడు గంటలలో పడవను కట్టి, నడిపి, మరల విప్పి బండికెక్కించాలి. కట్టడంలో పోయిన ప్రతి నిమిషమూ నీటిమీది కాలంలో కోతయే.

ఇక కట్టే క్రమం వినండి. మొట్టమొదట పడవ వెనుక అడుగున ఉన్న చిన్న రంధ్రానికి బిరడా బిగించాలి. నిలిచిన నీటిని ఒడ్డున వదలడానికి ఏర్పరచిన ఆ రంధ్రాన్ని మరచి నీటిలో దింపితే ఎంత నేర్పరి పడవైనా మునుగుతుంది. ఆ పిమ్మట కొయ్యకు ఇరుప్రక్కల వ్రేలాడే ఉక్కు తీగలను పడవ అంచుల వద్ద ఉన్న కొక్కేలకు తగిలించాలి. అప్పుడు ఒకరు కొయ్యను అడుగు గుంటలో నిలిపి పట్టుకొంటే, రెండవవారు ముందు తీగను పడవ ముక్కుకు బిగిస్తారు. ఈ మూడు తీగలే కొయ్యకు ప్రాణం. తరువాత పడవను గాలికి ఎదురుగా త్రిప్పి, ముందు చిన్న తెరచాపను, ఆ వెనుక పెద్ద తెరచాపను పైకి లాగాలి. గాలికి ఎదురుగా నిలిపితే తెరచాప జెండావలె ఊరక రెపరెపలాడుతుంది. అడ్డంగా నిలిపితే సగం కట్టిన పడవను గాలి అక్కడికక్కడే పడదోస్తుంది. చివర చుక్కాని తగిలించి, తెరచాపను అదుపులో ఉంచే త్రాళ్ళ కొసలకు, అవి కప్పీలలో నుండి జారిపోకుండా, ఎనిమిది అంకె ఆకారపు ముడులు వేయాలి.

ఈ పనిలో నాకు అబ్బురమనిపించినవి ముడులూ సీలలూ. ఉక్కు తీగలను కొక్కేలకు పట్టి ఉంచేది చిటికెనవ్రేలంత సీల. ఆ సీల ఊడకుండా కాచేది దానికన్న చిన్నదైన ఒక ఉంగరం. మా ఊరి ఎద్దులబండి ఇరుసు చివర చక్రం జారిపోకుండా కొట్టే కడసీల వంటిదే అది. చెనిక్కాయ చెట్టు కొండంత ఎత్తున వేసి మోకులతో బిగించిన బండి కళ్ళానికి చేరడం ఆ కడసీల చలవ. ముడుల సంగతీ అంతే. మా నాయన నాకు పలుపు ముడి నేర్పేటప్పుడు, ఎద్దు గింజుకొన్నా జారని ముడి, అవసరమైతే ఒక్క గుంజుకు వీడే ముడి వేయాలని చెప్పేవాడు. పీటముడి పడితే కత్తి తీయవలసిందే గదా! నావికుల ముడులన్నింటికీ అదే సూత్రం. బరువు పడినప్పుడు జారరాదు. బరువు తీసినప్పుడు బిగుసుకొని ఉండరాదు. సాహెబ్ బోలైన్ ముడి నేర్పిన దినాన నా వ్రేళ్ళు దానిని త్వరగానే పట్టుకొన్నాయి. "ఎక్కడ నేర్చుకొన్నావు బేటా?" అని ఆయన అడిగితే, "పశువుల కొట్టంలో సాహెబ్!" అన్నాను. ఆయన గట్టిగా నవ్వినారు.

ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన కళాశాలవారికి మరొక ముచ్చట చెప్పాలి. సాహెబ్ ఉర్దూలో తెరచాపను బాద్‌బాన్ అనేవారు. బాద్ అనగా గాలి, బాన్ అనగా కావలివాడు. గాలికి కావలివాడట! మన పూర్వులు దానిని తెరగానూ చాపగానూ చూచినారు. చుక్కాని అనే మన మాట అరబ్బీ సుక్కాన్ నుండి, లంగరు పారసీ లంగర్ నుండి, సరంగు పారసీ సర్‌హంగ్ నుండి వచ్చినవే. తెలుగువాడు ఓడలో కూర్చుండి పలికే మాటలలో సగం సముద్రం దాటి వచ్చిన అతిథులు. ఇది నేటి స్నేహం కాదు. శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ నాణెములపై రెండు కొయ్యల ఓడ ఉన్నది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనంలో, తుపాను పాలై ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు లాగుకొనేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ గ్రహించననీ పరదేశపు వర్తకులకు మాట ఇచ్చినాడు. గాలికి దెబ్బతిన్నవానిని ఆదుకొనడం రాజధర్మమని భావించిన నేల మనది.

ఇప్పుడు నా మనస్సులో లోతుగా నాటుకొన్న విషయానికి వస్తాను. మేము కొయ్య మీద చేయి వేయబోయిన మొదటి దినాననే సాహెబ్ మమ్ములను ఆపి, "ముందు పైకి చూడండి" అన్నారు. అందరం తలలెత్తినాము. ఆకాశం తప్ప ఏమీ లేదు. "ఏమి చూచినారు?" అని అడిగినారు. "ఏమీ లేదు సాహెబ్" అన్నాము. "ఏమీ లేదని చూచి తెలుసుకొన్నారు. చూడకుండా అనుకోలేదు. రోజూ ఇట్లే" అన్నారు. ఇంచుమించు 20 అడుగుల లోహపు కొయ్య అది. దానిని నిలబెట్టేటప్పుడు గాని, నిలబెట్టిన పడవను బండిపై జరిపేటప్పుడు గాని విద్యుత్తు తీగకు తగిలితే పట్టుకొన్నవారి ప్రాణాలు దక్కవు. పడవలు కట్టే దేశాలన్నింటా ఇట్టి మరణాలు సంభవించినవి.

ఆ మాట విన్నప్పుడు నా చేతులు చల్లబడినాయి. ఎందుకంటే మా పెదనాన్న కొడుకు, నాకు ఎనిమిదేండ్లు పెద్దవాడు, అట్లే పోయినాడు. మా వైపు బోరుబావులలో నీళ్ళు అడుగంటినప్పుడల్లా మోటారును పైకి తీయడం, ఇనుప గొట్టాలు జోడించి మరింత లోతుకు దింపడం రైతుకు తప్పని పని. ఒక్కొక్క గొట్టం 20 అడుగులు. పైరు వాడుతున్నదనే ఆత్రంలో, చీకటి పడుతున్న వేళ, నలుగురు కలిసి గొట్టాన్ని నిలువుగా ఎత్తినారు. పైన తీగ ఉన్నది. ఎవరూ తల ఎత్తలేదు. అప్పుడు నేను పదవ తరగతి. మా అన్న చేతులతో నేర్పిన పనులు నాకు ఇంకా జ్ఞాపకమే. ఆ చేతులను చివరిసారి చూచిన విధం వ్రాయడానికి మాటలు లేవు. అంతటి పనివాడు, అంతటి నేర్పరి. అతనికి లోపించినది నేర్పు కాదు, పైకి చూడుమని గట్టిగా చెప్పే ఒక నోరు.

సాహెబ్ పద్ధతిలోని మర్మం నాకు ఆ దినాన బోధపడింది. ఆయన ప్రతి దశలోనూ ఒకరిచేత పైకి పలికించేవారు, మరొకరిచేత బదులు చెప్పించేవారు. "బిరడా?" "బిగించినాను." "పైన?" "ఖాళీ." "కుడి తీగ సీల, ఉంగరం?" "ఉన్నవి." క్రమం ఏనాడూ మారేది కాదు. మనస్సు ఎంత అలజడిలో ఉన్నా నోరు ఆ క్రమాన్ని తప్పనిచ్చేది కాదు. దానితో ఒకసారి చేసిన పనిని మరల విప్పి చేసే అవసరమే కలిగేది కాదు. ఆయన వేగమంతా అందులోనే ఉన్నది. తొందరపడేవాడు పనిని రెండుసార్లు చేస్తాడు. క్రమమెరిగినవాడు ఒక్కసారే చేస్తాడు.

మరొక రహస్యం కూడా చెప్పినారు. "రేపటి పడవను ఈ సాయంకాలమే కడతాము" అనేవారు. విప్పేటప్పుడు త్రాళ్ళను చిక్కుపడకుండా చుట్టలు చుట్టి, వేరువేరు రంగుల పట్టీలు కట్టి, రేపు చివర కావలసినది ముందుగా, రేపు ముందు కావలసినది చివరగా సర్దించేవారు. అప్పుడు సంచి విప్పగానే మొదటి వస్తువు చేతికి తానే వస్తుంది. అలసిపోయిన సాయంకాలం పది నిమిషాల ఓపిక మరునాటి ఉదయాన అరగంటను మిగులుస్తుంది. దాహమైనప్పుడు బావి త్రవ్వరాదని మన పెద్దలు చెప్పిన సామెతకు ఇంతకన్న చక్కని వ్యాఖ్యానం నేను వినలేదు. మూడు నెలలకు నేనూ నా తోటివాడూ పాతిక నిమిషాలలో పడవను కట్టగలిగినాము. మేము తొందరపడినట్లు మాకే తోచలేదు.

తరువాతి వేసవిలో ఊరికి వచ్చినప్పుడు మా అన్న కొడుకు బోరుబావుల పనికే పోతున్నాడని విన్నాను. ఆ రాత్రి మిద్దెమీద కూర్చుండబెట్టుకొని ఈ పాఠమంతా చెప్పినాను. "నీళ్ళే లేని ఊర్లో పడవ పాఠం ఎందుకు చిన్నాన్నా?" అన్నాడు వాడు నవ్వుతూ. నేను నవ్వలేదు. వాని తండ్రి మాట ఎత్తినాను. చాలాసేపు మౌనంగా ఉండి, "పైన అని ఎవరు అడగాల?" అన్నాడు. "అందరికన్న చిన్నవాడు అడగాల. అందరికన్న పెద్దవాడు తలెత్తి చూచి బదులు చెప్పాల. బదులు రానిదే గొట్టం మీద చేయి పడరాదు" అన్నాను. వాని జట్టులో నేటికీ ఆ పద్ధతి నడుస్తున్నది. మొదట్లో తోటివారు ఎగతాళి చేసినారట. ఇప్పుడు వేరే జట్లవాళ్ళు కూడా "పైన?" అని కేకవేస్తున్నారని విన్నాను. నేను సంపాదించిన పట్టాలన్నింటికన్న ఈ వార్త నాకు ఎక్కువ సంతోషాన్ని ఇచ్చింది.

కాలం మారుతున్నది. హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుండి ఎత్తిపోసిన కృష్ణా జలాలు కదిరి సమీపాన చెర్లోపల్లి జలాశయానికి చేరినాయి. తరతరాలుగా నీటికి మొగం వాచిన పిల్లలు ఆ ఒడ్డుకు చేరుతున్నారు. ఈత రానివారికి నిండిన చెరువు ఎండిన చెరువుకన్న ప్రమాదకరమని తల్లిదండ్రులు గ్రహించాలి. నీటిని వాడుకొనే విద్యతోపాటు నీటియందు మెలగే విద్య కూడా మన పిల్లలకు కావలసి ఉన్నది. ప్రాణరక్షక కవచం తొడిగి, ఈత నేర్పి, ముడులు వేయించి, వరుసగా ప్రశ్నలు అడిగించి, బదులు చెప్పించి చూడండి. వారు నావికులు కానక్కరలేదు. బోరుబావి వద్దనైనా, రోగి మంచం వద్దనైనా, యంత్రం ముందరనైనా, ముందుగా పైకి చూచే అలవాటు గలవారైతే చాలును.