గోడతో సంభాషణ

2018 ఆగస్టులో ఫర్నిచర్ సంస్థ ఐకియా మన దేశంలో తొలి దుకాణం హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరిచాక, వంటింటి అలమరలు అట్టపెట్టెల్లో పలకలుగా రావడం మాకూ అలవాటైంది. అలెన్ కీతో డబ్బా బిగించడం ఒక్కరి పనే. అసలు పరీక్ష గోడ దగ్గర. సికింద్రాబాద్ పాత ఇళ్లది రాతిగోడ, డంగుసున్నం. డ్రిల్లు పెట్టగానే తెల్లటి పొడి రాలుతుంది, ఆపైన రాయి తగిలి బిట్టు పక్కకి జారుతుంది. సున్నంలో ప్లగ్గు నిలవదు. రాతిలోకి దిగేంత పొడవాటి స్క్రూలకి రాణీగంజ్ వెళ్లాల్సిందే. రసమట్టంతో గీత గీసి, ముందు ఇనుప పట్టీ బిగించాను. ఖాళీ డబ్బాలు ఒక్కొక్కటే దానికి తగిలించాను, తలుపులు చివర్న. నా ఇంటి గోడ ఎక్కడ గట్టిదో ఇప్పుడు నా చేతికి తెలుసు. ఆ ఎరుక నాకు ఎంతో ఇష్టం. మీరూ చేసుకోండి. కరెంటు తీగ, నీళ్ల పైపు గోడలో ఎటు పోతున్నాయో చూసుకున్నాకే డ్రిల్లు పట్టండి.