గోస్తనికి ఎదురు నడక

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, పద్మనాభం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ తీరం నుంచి ఈ నదికి ఎదురుగా బొర్రా దాకా కాలేజీ పిల్లల్ని నడిపించడం నా పని. దానికి ముందు నెలల తరబడి సాగే పని ఇంకొకటుంది. అది దారి కట్టడం.

కొండ మీంచి కిందికి దిగుదాం, సులువు కదా అంటారు చాలామంది. నేనొప్పుకోను. వీపున బరువుతో దిగితే మోకాళ్ళు ఎక్కినప్పటి కంటే ఎక్కువ నలుగుతాయి. ఒడ్డున మొదలుపెడితే కొండ వచ్చేసరికి భుజాలూ పాదాలూ బరువుకి అలవాటుపడతాయి. పైగా బొర్రాలో రైల్వేస్టేషన్ ఉంది. ఆ చివరి దూరం ఎవరి ఒంటికైనా పడకపోతే కిరండూల్ లైను మీది రైలెక్కించి విశాఖ పంపగలను.

కాలం విషయంలో బేరం లేదు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఎలా ఊడ్చిందో చూసినవాళ్ళం. కాబట్టి డిసెంబరు, జనవరి. అయితే అప్పుడు ఐదున్నర దాటితే చీకటి ముసురుకుంటుంది. అందుకే నడక తెల్లవారుజామునే మొదలై, మధ్యాహ్నం మూడింటికి ఆగాలి.

మ్యాపు కోసం సర్వే ఆఫ్ ఇండియా వారి యాభైవేల స్కేలు షీట్లు ముందేసుకుంటాను. వాటిలో ఎత్తు గీతలు ఇరవై మీటర్లకొకటి ఉంటాయి. నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. గంటకి ఐదు కిలోమీటర్లు, ఆపైన ప్రతి ఆరువందల మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. మన ఎండలో, ఇసుకలో, బరువుతో నడిచే కొత్తవాళ్ళకి దానికి సగం మళ్ళీ కలుపుతాను.

తీరం రోజులు తేలికని అనుకోవద్దు. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. అవి కూడా రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఆటు వేళే తడిసి గట్టిపడ్డ ఇసుక దొరుకుతుంది. మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణం కిందికి పోగలిగేదీ అప్పుడే. పోటు వేళ పొడి ఇసుకలో పడితే కాలు దిగబడి, పిక్కలు పట్టేస్తాయి. అందుకే పోటు వేళకి తొట్లకొండ ఎక్కించి, బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటితొట్లు చూపిస్తాను. కొండ మీద బతకాలంటే ముందు నీళ్ళ సంగతి చూసుకోవాలని రెండువేల ఏళ్ళ నాడే వాళ్ళకి తెలుసు. ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం బస పెట్టను, గట్లు ఎక్కనివ్వను. వాన కోతకే కరిగిపోతున్న ఆ మట్టికి మన బూట్ల బరువు కూడా ఎందుకు?

భీమిలి దాటాక అసలు ప్రశ్న నీళ్ళే. తాటిపూడి దిగువన శీతాకాలంలో నది చాలాచోట్ల ఇసుకమేటే. తాగడానికి ఊళ్ళ బోర్లే దిక్కు. కాబట్టి ప్రతి మజిలీనీ నీళ్ళున్న చోటు చూసుకునే గుర్తిస్తాను. జీడితోటల నడుమ ఎంత చక్కని చోటున్నా, బోరు లేదంటే వదిలేయడమే.

తాటిపూడి నుంచి బొర్రాకి ఎక్కుడు ఆరువందల మీటర్లకి తక్కువ కాదు. ఇక్కడికి పిల్లల్ని తేకముందే నేనొక్కణ్ణీ నడిచి, ప్రతి ఊళ్ళో పెద్దల్ని కలుస్తాను. అటవీశాఖ అనుమతి వేరు, ఊరి అనుమతి వేరు. రెండూ ఉండాలి. దూరం అడిగితే "దగ్గరే బాబూ, ఆ కొండెనకాలే" అంటారు. అందుకే కిలోమీటర్లు అడగను, "పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కేలోపు చేరతామా?" అని అడుగుతాను. దానికొచ్చే జవాబు మ్యాపు కంటే నిక్కమైనది. సంత ఏ రోజో కూడా కనుక్కుంటాను. ఆ రోజు ఊరు ఖాళీ, దారి మాత్రం మనుషులతో నిండుగా ఉంటుంది.

ఊరివాళ్ళు తాగునీళ్ళు పట్టుకునే గెడ్డకి ఎగువన మా డేరా ఎప్పుడూ పడదు. స్నానాలూ గిన్నెలూ అన్నీ దిగువనే. ఈ ఒక్క నియమం తప్పినవాణ్ణి మర్నాడే రైలెక్కించేస్తానని బయల్దేరకముందే చెబుతాను. బియ్యం మోసుకుపోతాం గానీ, చోళ్ళూ కూరగాయలూ అక్కడే కొంటాం, అడిగిన ధరకే. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి మనిషికో దోమతెర తప్పనిసరి. రైలు పట్టాల వెంట సొరంగాల్లోంచి పోతే దారి తగ్గుతుందని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. ఆ మాట రెండోసారి అననివ్వను.

చివరి రోజుకి పొట్టి నడకే ఉంచుతాను. కాఫీతోటల మధ్య మెల్లగా పోయి, ఎండెక్కకముందే బొర్రా చేరాలి. రైలు వచ్చేలోపు అందరి పాదాలూ విప్పించి బొబ్బలు చూస్తాను. ఏ మజిలీలో ఎవరికి లేచాయో రాసుకుంటాను. వచ్చే ఏడు దారి కట్టేటప్పుడు ముందు తెరిచేది ఆ కాగితమే.