పెరట్లో బాయిలర్

ఇంగ్లండులో ఇల్లు కొన్నవాడికి రెండు కాపురాలు. ఒకటి ఆవిడతో, రెండోది బాయిలర్‌తో. రెండోదానికి కోపం వస్తే కుళాయిలో వేణ్ణీళ్ళుండవు, గదుల్లో వెచ్చదనమూ ఉండదు.

2010 ఆగస్టులో అమ్మా నాన్నా ఆరు నెలల వీసా మీద రెడింగ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. సెప్టెంబరులో బాయిలర్ సర్వీసుకి వచ్చినాయన మూత తీసి చూసి మొహం చిట్లించాడు. నీలంగా ఉండాల్సిన మంట పసుప్పచ్చగా ఉంది. చుట్టూ మసి. గ్యాసు కట్టేసి, ప్రమాదం, వాడొద్దన్న కాగితం ఒకటి అంటించాడు.

"కొత్తది వంటింట్లో మాత్రం వద్దు. నాకు డబ్బాలు పెట్టుకోడానికే చోటు లేదు" అంది మా ఆవిడ. అప్పుడు తట్టింది గరాజు. ఇంటికి ఎనిమిది గజాల దూరంలో విడిగా ఉంటుంది. అందులో కారు తప్ప అన్నీ ఉంటాయి.

కంప్యూటర్ తెర మీద బొమ్మని ఇటునించి అటు జరిపినంత తేలికనుకున్నాను. ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే నీరసం వచ్చింది. వేడినీళ్ళు ఇంట్లోకి రావడానికో గొట్టం, చల్లారాక వెనక్కి పోవడానికి ఇంకోటి. రెంటికీ దళసరి తొడుగు వెయ్యకపోతే వేడంతా తోటకే ధారపోసినట్టు. గ్యాసు గొట్టం వేరే. మేడ మీద ట్యాంకుకీ, గోడ మీద థర్మోస్టాట్‌కీ వైర్లు. గరాజులో చలికి నీళ్ళు గడ్డకట్టకుండా, వేడి మరీ పడిపోతే బాయిలర్ని దానంతటదే వెలిగించే మరో థర్మోస్టాట్. 2005 నుంచి ఇక్కడ కొత్తగా పెట్టేవి దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. పొగలోని ఆవిరిని కూడా నీళ్ళు చేసి ఆ వేడినీ పిండుకుంటాయి. ఆ నీళ్ళకి కాస్త ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ గొట్టంలో పోవాలి, అదీ దారిలో గడ్డకట్టకూడదు.

గ్యాసు పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళకే అప్పగించాలి. 2009 ఏప్రిల్ దాకా కోర్గి అనేవారు. మేం చెయ్యగలిగింది మట్టి తవ్వడం ఒక్కటే. శనివారం నేనూ నాన్నా పారలు పట్టుకున్నాం. నేను రెండు గజాలు తవ్వి నడుం పట్టుకునేసరికి, అరవై ఏళ్ళ నాన్న నాలుగు గజాలు తవ్వేశారు.

"మనింట్లో మాత్రం? రాగి బాయిలర్ పెరట్లోనేగా ఉండేది, పొగ లోపలికి రాకూడదని" అన్నారు నవ్వుతూ.

బిగింపు అయ్యాక చివర్లో ఆయన చేతిలో పట్టేంత తెల్లటి అలారం ఒకటి తీశాడు. నాన్న నన్ను అడగమన్నారు: "పాతదాన్నించి పొగ కనపళ్ళేదు, వాసనా రాలేదు. మరి ఆపెయ్యడమెందుకు?"

ఆయన ఓపిగ్గా చెప్పాడు. గాలి చాలక మంట సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చోటు అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, మగత. నిద్రలో ఉన్నవాళ్ళు ఇక లేవకపోవచ్చు. కొత్త బాయిలర్ బయటి గాలే పీల్చి బయటికే వదులుతుంది, అయినా అలారం ఉండాలి.

"బొగ్గులైనా అంతేనా?" అన్నారు నాన్న.

"బొగ్గులైతే మరీనూ" అన్నాడాయన.

నాన్న ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నారు. అందరూ పడుకున్నాక చెప్పారు.

1962లో, సంక్రాంతికి ముందు. మా పెద్ద మేనత్త బాలింత. చలిగా ఉందని పురిటిగదిలో కుంపటి పెట్టారు. పసిగుడ్డు ఏడుస్తుంటే నాయనమ్మ వసారాలోకి తెచ్చుకుని పడుకుంది. బొగ్గులు విసిరి రాజేసింది పన్నెండేళ్ళ నాన్న. అక్కకి చలి గాలి తగలకూడదని తలుపు గట్టిగా వేసిందీ ఆయనే. తెల్లారి అత్తయ్య లేవలేదు.

"గాలి సోకిందన్నారు. గుమ్మానికి వేపమండ పెట్టలేదని ఊరంతా మీ నాయనమ్మని ఆడిపోసుకున్నారు. పోయేదాకా ఆ మాట మోసిందిరా. నేనూ అదే నమ్మాను. గాలే. కాని ఆ గాలి కాదు."

"మీకు తెలీదు కదా నాన్నా."

"తెలీదు. ఇప్పుడు తెలిసింది. అమ్మకి చెప్పడానికి అమ్మ లేదు."

ఆయనతో ఆ ప్రశ్న అడిగించి మంచి పని చేశానో లేదో నాకిప్పటికీ తెలీదు.

ఆ డిసెంబరులో వందేళ్ళలో ఎరగనంత చలి. ఒక అర్ధరాత్రి లేచి చూస్తే నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. అవతల బాయిలర్ దానంతటదే వెలిగింది. గరాజు గోడ గొట్టంలోంచి తెల్లటి ఆవిరి మంచులోకి పోతోంది.

"బయటికే పోతోంది" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

ఇన్నేళ్ళలో ఆ అలారం రెండుసార్లు మార్చాం. ఆదివారం నాన్న ఫోన్ చేస్తే మొదటి మాట ఇప్పటికీ అదే: "మీట నొక్కి చూశావుట్రా?"

ఫోను దాని దగ్గర పెట్టి నొక్కుతాను. అది కీచుమంటుంది. అది విన్నాకే మనవల సంగతి అడుగుతారు.