బూట్ అయ్యింది కదా, ఇంకేంటి?

ఎంబెడెడ్ పనిలో నాకు అన్నిటికన్నా భయం వేసే మాట ఒకటుంది. "బోర్డు బూట్ అయ్యింది కదా, ఇంకేంటి?" అసలు లేవని బోర్డుతో ఇంత ప్రమాదం లేదు. ఎందుకో చెప్తాను.

డీర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్లో దాచిన ఛార్జి. చిల్లుకుండ అనుకోండి. కారిపోయేలోపు మళ్ళీ నింపుతూ ఉండాలి. డీడీఆర్3లో మామూలుగా ఆ గడువు 64 మిల్లీసెకన్లు. అందులో 8192 రిఫ్రెష్ కమాండ్లు, అంటే సుమారు 7.8 మైక్రోసెకన్లకి ఒకటి. చిప్పు 85 డిగ్రీలు దాటి వేడెక్కితే కుండ ఇంకా తొందరగా కారుతుంది కాబట్టి గడువు సగం చెయ్యాలి.

దీన్ని మొదలుపెట్టడం ఇంకో తమాషా. మెమరీని లేపడానికి కోడ్ కావాలి, కోడ్ నడవడానికి మెమరీ కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళైతేగానీ పిచ్చి కుదరదు! అందుకే యూ-బూట్‌లో ఎస్‌పీఎల్ అనే చిన్న ముక్క ప్రాసెసర్ లోపలుండే కొద్దిపాటి ఎస్‌ర్యామ్‌లో కూర్చుని ఈ పెళ్ళి జరిపిస్తుంది. పవర్ నిలకడగా వచ్చాక రీసెట్‌ని 200 మైక్రోసెకన్లు పట్టి ఉంచాలి, వదిలాక 500 మైక్రోసెకన్లు ఆగాలి, తర్వాత మోడ్ రిజిస్టర్లు 2, 3, 1, 0 వరసలో రాయాలి, ఆపైన జెడ్‌క్యూ కాలిబ్రేషన్. ఈ తంతు ఏ డీడీఆర్3 చిప్పుకైనా ఒకటే, కాపీ కొట్టినా నష్టం లేదు. టైమింగులు అలా కాదు.

నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట చూసిన సంగతి ఇది. బోర్డు మీద 1 గిగాబిట్ చిప్పులుండేవి. అవి దొరకట్లేదని కొనుగోళ్ళవాళ్ళు 2 గిగాబిట్‌వి వేయించారు. కోడ్‌లో సైజు మార్చారు. టీఆర్‌ఎఫ్‌సీ, అంటే రిఫ్రెష్ తర్వాత చిప్పు తేరుకోడానికి ఇవ్వాల్సిన సమయం, పాతదే ఉంచేశారు. 1 గిగాబిట్‌కి అది 110 నానోసెకన్లు, 2 గిగాబిట్‌కి 160. 400 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద 44 క్లాకులు సరిపోయేచోట ఇప్పుడు 64 కావాలి.

ల్యాబులో, ఏసీలో, అన్నీ హాయిగా బూట్ అయ్యాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆరుబయట డబ్బాల్లో పెట్టినవి హ్యాంగ్ అవడం మొదలైంది. ఓసారి కెర్నల్లో, ఓసారి నెట్‌వర్క్ డ్రైవర్లో. డ్రైవర్ రాసిన కుర్రాడు రెండు నెలలపాటు లేని బగ్గు కోసం వెతికాడు. చివరికి ఒక్క రిజిస్టర్లో అంకె మారిస్తే అంతా సర్దుకుంది. ఈలోపు అప్రైజల్లో అతనికిచ్చిన రేటింగుని మాత్రం ఎవరూ సర్దలేదు.

"ఇప్పటి కంట్రోలర్లు ట్రైనింగ్ అవే చేసుకుంటాయి కదా" అంటారు కొందరు. చేసుకుంటాయి, కాదనను. కానీ ట్రైనింగ్ కొలిచేది బోర్డు మీది గీతల్లో సిగ్నళ్ళ ఆలస్యాన్ని. చిప్పు తేరుకోడానికి ఎంతసేపు కావాలో అది కొలవదు. పీసీలో అయితే మెమరీ కార్డు మీద ఎస్‌పీడీ అని ఓ చిన్న చిప్పు ఉండి ఈ జాతకమంతా చెప్తుంది. బోర్డుకి నేరుగా అతికించిన చిప్పులకి సాధారణంగా ఆ జాతకం రాదు. డేటాషీట్ చదివి మనమే చెప్పాలి. పైగా ఐ.ఎమ్‌ఎక్స్8ఎమ్ లాంటివాటిలో ఆ ట్రైనింగ్ ఫర్మ్‌వేర్ కూడా బైనరీగానే ఇస్తారు. లోపలేం జరుగుతోందో చూద్దామన్నా సోర్సు ఉండదు.

రిఫరెన్స్ బోర్డు విలువలతో మొదలుపెట్టడం తప్పని నేననను. అందరూ చేసేది అదే. అక్కడే ఆగిపోవడం తప్పంటాను. ప్రతి అంకె పక్కనా అది ఏ పార్ట్ నంబర్ డేటాషీట్లోంచి వచ్చిందో కామెంట్ రాయండి. చిప్పు మారితే ఆ ఫైలు మళ్ళీ రివ్యూకి రావాలని పట్టుబట్టండి. సున్నాలు, ఒకట్లు రాసి చదివే టెస్టుతో సరిపెట్టకుండా, బోర్డుని వేడి ఛాంబర్లో పెట్టి నెట్‌వర్కూ డిస్కూ అన్నీ ఒకేసారి నడిపి, ఓ రాత్రంతా వదిలెయ్యండి.

మహా అయితే రెండు రోజుల పని. ఆ కుర్రాడికి పోయింది రెండు నెలలు, ఒక రేటింగూ.