గుప్పెడు ఇసుక

అట్లాంటిక్ మహాసముద్రంలో, ఆఫ్రికా తీరానికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఫ్వెర్తెవెంతూరా అనే దీవి ఉంది. స్పెయిన్ దేశానికి చెందిన కేనరీ దీవుల్లో అది ఒకటి. దాని ఉత్తరపు కొసన కొరలెహో అనే ఊరుంది. మా మావయ్య అక్కడ హోటల్లో వంటపని చేస్తారు. వేసవి సెలవుల్లో అమ్మతో కలిసి వెళ్లాను.

ఊరు దాటగానే ఇసుక కొండలే. ఒక పక్క నీలం సముద్రం, ఇంకో పక్క తెల్లటి దిబ్బలు, మధ్యలో రోడ్డు. గాలికి ఇసుక రోడ్డు మీదికి వచ్చి పడుతుంటుంది. గాలి తగలకుండా కూర్చోడానికి జనం నల్లరాళ్లతో గుండ్రంగా చిన్న గోడలు పేర్చుకున్నారు. మేమూ ఒకదాంట్లో కూర్చుని పులిహోర తిన్నాం. 1982లో ఈ చోటును ప్రకృతి ఉద్యానవనంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 2,600 హెక్టార్లకు పైనే. ఇక్కడి ఇసుక గానీ రాళ్లు గానీ పట్టుకెళ్లకూడదు.

బెర్హంపురంలో మా అమ్మమ్మ పూజగదిలో పూరీ ఇసుక, రామేశ్వరం ఇసుక చిన్న సీసాల్లో ఉన్నాయి. మోకాళ్ల నొప్పులవల్ల ఇప్పుడు గోపాల్‌పూర్ దాకా కూడా వెళ్లలేకపోతోంది. నేను బయల్దేరేటప్పుడు "గుప్పెడు ఇసుక తేవే" అని ఒక్కటే అడిగింది.

అందుకే మావయ్యని అడిగాను, "ఇన్ని కొండల్లో గుప్పెడు తీస్తే ఏం తగ్గిపోతుంది?" అని. ఆయన నా అరచేతిలో ఇసుక పోసి దగ్గరగా చూడమన్నారు. అన్నీ గవ్వల ముక్కలే. ఇది సహారా ఎడారి నుంచి ఎగిరొచ్చిందని చాలామంది అనుకుంటారట. నిజానికి చాలావరకు సముద్ర జీవుల గుల్లలు అలలకు నలిగి ఇలా పొడయ్యాయి. ఒడ్డున పెరిగే పొదలు గాలికొచ్చే ఇసుకను పట్టి దిబ్బగా నిలబెడతాయి. "నువ్వొక్కదానివే అయితే పర్లేదమ్మా. ఏటా లక్షలమంది వస్తారు. అందరికీ ఇంట్లో ఒక అమ్మమ్మ ఉంటుంది" అన్నారు.

ఎదురుగా లోబోస్ అనే చిన్న దీవి కనిపిస్తుంది. స్పానిష్‌లో ఆ మాటకు తోడేళ్లని అర్థం. ఒకప్పుడు అక్కడుండే సీళ్లను సముద్రపు తోడేళ్లనేవారు. వేటాడి వేటాడి వాటిని లేకుండా చేశారు. పేరొక్కటే మిగిలింది. అది విన్నాక చేతిలో ఇసుక అక్కడే దులిపేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ సీసా కడిగి ఆరబెట్టి ఉంచింది. అది చూస్తే నాకు మాట రాలేదు. కాసేపటికి అంతా చెప్పాను. అమ్మమ్మ ఏమీ అనలేదు. తర్వాత, "ఋషికుల్య దగ్గర తాబేళ్లు గుడ్లు పెడితే వలతో కంచె కడతారే, అలాంటిదా?" అంది. అవునన్నాను. "అయితే ఫోటోలు చూపించు" అంది.

సీసాలో ఇప్పుడు జీలకర్ర ఉంది. ఈసారి తాబేళ్లు వచ్చినప్పుడు ఆటో కట్టించుకుని అయినా అమ్మమ్మని ఋషికుల్య తీసుకెళ్లాలని అనుకున్నాం.