వర్షావాసం ముగిశాక

విశాఖ జనం తొట్లకొండకు గుంపులుగా వెళ్ళేది కార్తీకంలో, వనభోజనాలకు చెట్టునీడ వెతుక్కుంటూ. ఆ తరవాత సంక్రాంతికి, ఇంటికొచ్చిన చుట్టాలకు ఊరు చూపించడానికి. ఎండాకాలం సాయంత్రాలు గాలి కోసం వచ్చేవాళ్ళూ ఉంటారు. ఈ రద్దీలేవీ లేని రోజులు ఏడాదికి కొన్నే. వానలు వెనకబట్టి, దసరా సందడి సద్దుమణిగి, కార్తీకం ఇంకా మొదలవని ఆశ్వయుజపు రోజులవి. ఎప్పుడు వెళ్ళమంటారని ఎవరడిగినా నేను ఆ రోజులే చెబుతాను. జనం ఉండరని కాబోలు అనుకుంటారు. అదీ నిజమే. కానీ నేను చెప్పేది నీళ్ళ కోసం.

భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు మీద, మంగమారిపేట దగ్గర, సముద్రానికి ఎదురుగా 128 మీటర్ల ఎత్తున ఉంటుందీ కొండ. 1970లలో నౌకాదళం ఈ తీరాన్ని విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు పైనున్న బౌద్ధారామ శిథిలాలు కంటపడ్డాయి. 1988లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. మహాస్తూపం, దాని చుట్టూ మొక్కుబడి స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, స్తంభాల మంటపం, వంటశాల, భోజనశాల ఒక్కొక్కటే బయటికొచ్చాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలూ దొరికాయి. రెండు వేల ఏళ్ళ కిందట కింద రేవుల్లో ఓడలు ఆగేవనీ, వర్తకుల దానాలు ఈ కొండెక్కి పైకి వచ్చేవనీ ఆ నాణేలే చెబుతాయి.

అయితే దానమిచ్చినవాళ్ళు బియ్యం ఇవ్వగలరు, బట్ట ఇవ్వగలరు. నీళ్ళు మాత్రం కొండే ఇవ్వాలి. పైన ఏరు లేదు. ఎదురుగా కనుచూపు మేర సముద్రమున్నా గొంతు తడుపుకోవడానికి పనికిరాదు. అంతమంది భిక్షువులు వండుకుని, తిని, స్నానం చేసి, బట్టలుతుక్కుని బతికిన చోట తొలి కట్టడం స్తూపం అయ్యుండదని నా నమ్మకం. ముందు తొట్లు తొలిచి ఉంటారు. కొండరాతిలో తొలిచిన నీటితొట్లు ఇక్కడ పది దాకా ఉన్నాయి.

మే నెలలో వెళ్తే అవి చూపు ఆగని గుంటలు. అడుగున ఎండుటాకులూ, ఎవరో విసిరిన సీసాలూ ఉంటాయి. ఆశ్వయుజంలో అదే తొట్టి అంచున కూర్చుని చూడాలి. నీళ్ళు దాదాపు పైదాకా వచ్చి ఉంటాయి. రాతి గోడ మీద కిందటి వారం నీళ్ళు ఎంతవరకు నిలిచాయో చెప్పే తడిగీత ఉంటుంది. దానికి కొంచెం కింద, మూలల్లో ఉలిదెబ్బల వరసలు ఏటవాలుగా దిగుతూ ఉంటాయి. ఎండాకాలపు వెలుగులో కనిపించని ఆ గాట్లు తడిసినప్పుడు నల్లగా తేలతాయి. వేలు పెట్టి తడిమితే ఒక గాటు ముగిసి ఇంకొకటి మొదలైన చోటు తెలుస్తుంది. తూనీగ ఒకటి తోక ముంచి, లేచి, మళ్ళీ ముంచుతుంది. వెనక బండ మీద నుంచి సన్నటి ధార ఇంకా జారుతూనే ఉంటుంది. దాని వెంట నడిస్తే రాతి వాలు ఎటుందో, నీళ్ళు ఏ దారిన తొట్టిలోకి దిగుతున్నాయో కాళ్ళకే తెలిసిపోతుంది. శిథిలమని మనం పిలిచే చోట ఒక్క భాగం ఇంకా పని చేస్తోంది. ఆ పని చూడాలంటే వానల వెనకాలే వెళ్ళాలి.

ఈ రోజులకు బౌద్ధుల పంచాంగంలోనూ ఒక చోటుంది. వానాకాలంలో భిక్షువులు ఊళ్ళు తిరుగుతూ పచ్చిగడ్డినీ, చిన్న ప్రాణులనూ తొక్కేస్తున్నారని జనం తప్పుపట్టారట. అప్పుడు బుద్ధుడు వానల మూడు నెలలూ ఒకేచోట ఉండమని నియమం పెట్టాడని భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెబుతుంది. అదే వర్షావాసం. ఆషాఢ పున్నమి దాటాక మొదలై ఆశ్వయుజ పున్నమికి ముగుస్తుంది. ముగిసేనాడు ప్రవారణ జరుగుతుంది. నాలో తప్పేదైనా చూసినా, విన్నా, అనుమానించినా చెప్పమని ప్రతి భిక్షువూ తోటివారిని అడుగుతాడు. మూడు నెలలు ఒకే కప్పు కింద, ఒకే తొట్టి నీళ్ళు తాగి బతికినవాళ్ళు విడిపోయే ముందు ఇలా అడగడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. పెద్దవాడు కూడా చిన్నవాళ్ళ ముందు కూర్చుని అడగాల్సిందే. కొండ మీది మంటపంలో విరిగిన స్తంభాల మధ్య నిలబడితే నాకు ముందు గుర్తొచ్చేది ఏ రాజో కాదు, ఆ ప్రశ్నే.

ఆ పున్నమి నుంచి కార్తీక పున్నమి దాకా కఠిన చీవర దానం చేసే నెల. ఉపాసకులు తెచ్చిన గుడ్డను ఆ రోజే కత్తిరించి, కుట్టి, రంగు అద్ది చీవరం, అంటే భిక్షువు కట్టే వస్త్రం, సిద్ధం చేయాలి. ఒక్క రోజులో తెమలాల్సిన పని కాబట్టి ఆరామమంతా దాని మీదే పడేది. అంటే మనం ఎవరూ లేరని వెతుక్కుంటూ వెళ్ళే ఈ నడిమి రోజులు ఒకప్పుడు కొండకు పండగ నెల మొదలు. దారులు ఆరి, రాకపోకలు మొదలై, మెట్ల మీద అడుగుల చప్పుడు పెరిగే నెల.

ఈ కాలం పూర్తిగా నెమ్మదైనదేమీ కాదు. తీరానికి తుపాన్లు వచ్చేదీ ఇప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా తాకిందో చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. తొట్లకొండ మీద తిరిగి కట్టిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కూలింది. మళ్ళీ కట్టాల్సి వచ్చింది. తొట్లు నింపే వానే ఇటుకల సందుల్లో దిగి గోడను కూలుస్తుంది. పాత కట్టడాన్ని నిలబెట్టడమంటే నీళ్ళు బయటికి పోయే దారి చూడడం. సున్నం, ఇటుకల మాట ఆ తరవాతే. బయల్దేరే ముందు వాతావరణ కబురు తప్పకుండా వినాలి. రాళ్ళ మీద పాచి ఉంటుంది, గట్టి పట్టున్న చెప్పులు వేసుకోవాలి. పొద్దున్నే వెళ్తే తంగేడు పూల మీద ఎండ పడేవేళకు పైనుంటారు.

తీరిక ఉంటే ఒక్క తొట్లకొండతో ఆగకండి. బావికొండ దగ్గర్లోనే ఉంది. భీమిలి దాకా వెళ్తే పావురాలకొండ మీదా రాతి తొట్లే. మూడు కొండల మీదా ఒకే ఆలోచన, వాననీటిని పట్టి దాచుకోవడం. పిల్లల్ని తీసుకెళ్ళే మాస్టార్లు ముందు స్తూపం చూపించి, తొట్లను తిరుగుదారిలో అలా చూపించి దింపేస్తుంటారు. దాన్ని తిరగేయాలి. ముందు పిల్లల్ని తొట్టి అంచున కూర్చోబెట్టి, ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకమనాలి. వాళ్ళు ధార వెంట పరిగెత్తుతారు, బండలెక్కుతారు, గదుల పునాదుల దాకా వెళ్తారు. ఇక్కడ ఎంతమంది ఉండేవారు, ఎన్నాళ్ళకు సరిపోయేవి అని వాళ్ళే అడుగుతారు. కార్తీకం జనం రాకముందే వెళ్తే ఆ తొట్లలో సీసాలు తీసేయడానికి కూడా కాస్త వెసులుబాటు ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఓ గోనెసంచి పట్టుకెళ్ళండి.