దూరప్రయాణమునకు మోటారుసైకిలు ఎంతటిది కావలెను?

మోటారుసైకిలుపై దూరప్రయాణము చేయుట స్త్రీలకు తగునా యను ప్రశ్నకు ఈ వ్యాసమున తావు లేదు. ఆ ప్రశ్నకు ఎందరో స్త్రీలు బండి నడిపియే సమాధానము చెప్పియున్నారు. తగిన బండి యెంతటిది యనునదియే ఇచ్చట మా విషయము. ఈ విషయమున మేము రెండుమారులు పొరపడితిమి. సోదరీమణు లెవరును అట్లు పొరపడకుండవలెనని దీనిని వ్రాయుచున్నాము.

మేము అక్కచెల్లెండ్ర మిద్దరము విశాఖపట్టణమున నుందుము. మా తల్లి రాజమహేంద్రవరమున ఒంటరిగా నున్నది. నడుమ 16వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 190 కిలోమీటర్లు. నెలకొకమారైనను అమ్మను చూచి రావలెనని మా నియమము.

మొదట మాకున్నది 100 సి.సి. బండి. సి.సి. యనగా ఇంజనులో పిస్టను కదలు స్థలముయొక్క కొలత. ఆ బండి బలము సుమారు 8 అశ్వశక్తులు. ఊరిలో తిరుగుటకు అది బంగారము. రహదారిపై మాత్రము ఇద్దరము సామానుతో కూర్చుండగా, ఎత్తు వచ్చినప్పుడెల్ల ఆయాసపడెడిది. లారీని దాటబోయి, దాటలేక, దాని చక్రముల ప్రక్కనే చాలసేపు నడువవలసి వచ్చెడిది. బస్సు దూసికొనిపోయిన గాలికి బండి ప్రక్కకు తొలగెడిది.

అంతట బంధువులలోని మగవారు, “దూరమునకైనచో పెద్దదే కొనుడు, చిన్నది కొని రెండుమారులు డబ్బు తగులబెట్టనేల?” అనిరి. మేమును ఆ మాట విని 650 సి.సి. బండి కొంటిమి. దాని బలము 47 అశ్వశక్తులు. రహదారిపై నీళ్లమీద పడవవలె పోయెడిది. కాని బరువు 200 కిలోలు మించినది. సీటు నేలనుండి 804 మిల్లీమీటర్ల ఎత్తు. మా మునివ్రేళ్లు మాత్రమే నేల కానెడివి.

బండి నడచుచున్నంతసేపు బరువు తెలియదు, ఆగినప్పుడు తెలియును. తుని దాటిన పిమ్మట టీ త్రాగుదమని రోడ్డుప్రక్కకు దిగితిమి. అచ్చట గులకరాళ్ల వాలు. అక్కయ్య కాలు జారెను. బండి మెల్లమెల్లగా, ఎంత పట్టినను నిలువక, ఒరిగిపోయెను. ఆమె చీలమండ దాని క్రింద నలిగెను. మేము శక్తికొలది లాగినను బండి కదలలేదు. ఒక లారీడ్రైవరు వచ్చి లేపెను.

చీలమండ ఆరువారములకు గాని కుదుటపడలేదు. అంతకు మించిన బాధ మరియొకటి కలిగెను. ప్రతి ఆదివారము ఫోనులో “ఎప్పుడొస్తారే?” అని అడుగు అమ్మ, ఆనాటినుండి అడుగుట మానివేసెను. అడిగినచో మేము బయలుదేరుదుమని ఆమె భయము.

అప్పుడు కాగితము తీసికొని లెక్క చూచితిమి. 2018లో ప్రభుత్వము నాలుగు వరుసల రహదారులపై మోటారుసైకిళ్లకు గంటకు 80 కిలోమీటర్లు గరిష్ఠవేగముగ నిర్ణయించినది. అంతకు మించి పోరానప్పుడు 47 అశ్వశక్తులు మా కెందులకు? ఆ వేగమున ఇద్దరిని మోసి, లారీని దాటుటకు కొంత బలము మిగిలియున్న చాలును గదా! వెదకగా 220 సి.సి. బండి యొకటి మారుబేరమున దొరకినది. బలము 19 అశ్వశక్తులు, బరువు 163 కిలోలు, సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు. పేరొందిన 350 సి.సి. బండ్లు కొన్నిటి బలము 20 అశ్వశక్తులే. బరువు మాత్రము 190 కిలోలు దాటును. కావున సి.సి. అంకె నొక్కదానిని చూచి బండిని మెచ్చుకొనరాదు.

1934లో థెరీసా వాలక్, ఫ్లారెన్సు బ్లెంకిరన్ అను వనితలు లండను నుండి కేప్‌టౌనునకు 600 సి.సి. పాంథరు బండిపై బయలుదేరిరి. ప్రక్కబండిని, వెనుక సామానుబండిని లాగుచు సహారా ఎడారి దాటవలెను గనుక వారి కా బలము అవసరము. 2003లో లోయిస్ ప్రైస్ అను ఆంగ్లవనిత అలాస్కానుండి దక్షిణ అమెరికా కొసవరకు 225 సి.సి. యమహాపై ఒంటరిగా పోయెను. ఇరువురి ఎంపికయు సరియైనదే. దూరముకంటె మోయవలసిన బరువే బండి పరిమాణమును నిర్ణయించును.

కొనబోవు సోదరీమణులకు మా మనవి యిది. ప్రయాణమున తొడుగు చెప్పులతోనే బండి నెక్కి, వెనుక మనిషిని కూర్చుండబెట్టుకొని, రెండు పాదములును నేల కానునేమో చూడుడు. దిగి, కొంచెము వాలులో వెనుకకు నెట్టి చూడుడు. పడిన బండిని లేపుటయు నేర్చుకొనుడు: ఇంజను ఆపి, గేరులో నుంచి, బండికి వీపు త్రిప్పి, సీటు కానుకొని కూర్చుండి, ఒక చేత హ్యాండిలు, ఒక చేత చట్రము పట్టి, నడుముతో గాక తొడల బలముతో వెనుకకు నడువవలెను. చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. బ్రేకు 125 సి.సి. మించిన కొత్తబండ్లన్నిటికి 2019 ఏప్రిలునుండి తప్పనిసరి. పాతబండి కొనువారు అది యున్నదో లేదో విచారింపవలెను. పన్నును గమనింపదగినదే: 2025 సెప్టెంబరు 22నుండి 350 సి.సి. వరకు నూటికి 18, అంతకు మించినవానికి 40.

పెద్దబండిని నష్టమున కమ్మివేసి, ఈ బండిపై మొదటిమారు రాజమహేంద్రవరము పోయిననాడు అమ్మ వాకిటికి వచ్చి, సీటుపై చేయి వేసి, “ఇదైనా మీ మాట వింటుందా?” అని అడిగెను. అక్కయ్య మారుమాటాడక బండి నెక్కి, రెండు పాదములను నేల నానించి, చేతులు రెండును వదలి చూపెను. అమ్మ ఏమియు ననక లోనికి పోయి వంటప్రయత్నమున మునిగెను.

మరుసటి ఆదివారము ఫోను మ్రోగెను. “ఎప్పుడొస్తారే?” అని అమ్మ అడిగెను.